చెఱువులోని చేప యేల గిడసబారును?

ఇద్దరు రైతులు ఒకే దినమున, ఒకేచోట, ఒకే తొట్టిలోని చేపపిల్లలను కొని తెచ్చి తమ తమ చెఱువులలో విడిచిరనుకొందము. సంవత్సరము గడచిన పిమ్మట మొదటివాని వలలో చేప యొక్కొక్కటి కిలో తూగినది; రెండవవాని వలలో పావుకిలోయైనను తూగలేదు. ఆ రెండవ చెఱువులోని చేపను చేతబట్టి చూచినచో తల పెద్దదిగాను, మేను సన్నముగాను, కడుపు లోనికి పోయినట్లుగాను కనిపించును. అట్టి సమయమున గట్టుమీద వినవచ్చు మాట సాధారణముగా నొక్కటే: “విత్తనము మంచిది కాదు.”

ఈ మాట యెంతవరకు సత్యమో విచారించుట విద్యార్థులకే గాక, చెఱువును గుత్తకు దీసికొను తలిదండ్రులకును ప్రయోజనకరము. ఏలయన, విత్తనమే చెడ్డదని నమ్మినవాడు మరుసటి యేడు మరికొంత సొమ్ము పెట్టి వేఱొకచోట విత్తనము కొనును గాని, తన చెఱువును పరీక్షింపడు. దోషము చెఱువులోనే యున్నయెడల ఆ రెండవ సొమ్మును నీటిపాలే యగును.

మొదట చేప పెరుగు తీరును తెలిసికొనవలెను. ఆవుదూడ కొన్ని సంవత్సరములలో నెదిగి, తన జాతికి తగిన పరిమాణమునకు వచ్చి యాగిపోవును. మేత చాలని దూడ బక్కచిక్కునే గాని, మేకపిల్లయంతగా నుండిపోదు. చేప సంగతి యట్లు కాదు. పెక్కుజాతుల చేపలు బ్రతికియున్నంత కాలము ఎంతో కొంత పెరుగుచునే యుండును. మేత కరవైనచో పెరుగుదలను దాదాపుగా నిలిపివైచి, చిన్న మేనితోనే నెలల తరబడి బ్రతుకగలవు. కావున చేప పరిమాణమును జూచి దాని వయస్సును నిర్ణయింపరాదు. పావుకిలో చేప కొన్ని నెలలదైనను కావచ్చును, రెండేండ్లదైనను కావచ్చును.

రెండవ విశేషమేమనగా, చేప శీతరక్త జంతువు. దాని మేని వేడిమి నీటి వేడిమిని అనుసరించియుండును. మన చెఱువులలో పెంచు పెద్దచేపలు నీరు 25 మొదలు 30 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వెచ్చగా నున్నప్పుడు చక్కగా మేసి పెరుగును, చలికాలమున నీరు చల్లబడినకొలది మేత తగ్గించును, పెరుగుదలయు మందగించును. అందుచేత రెండు చెఱువులను పోల్చునపుడు పిల్లలను విడిచిన నెలయు, పట్టిన నెలయు సరిచూచుకొనవలెను. మార్గశిరమున తూచిన చేపకును, వైశాఖమున తూచిన చేపకును పోటీ పెట్టుట న్యాయము కాదు.

ఇక ఆకారమును గూర్చి చెప్పుకొందము. ఒడిశాలో పోఖరి, తమిళనాట ఏరి, కన్నడనాట కెరె, పేరేదైనను మన చెఱువులలో ముఖ్యముగా పెంచు చేపలు మూడు: బొచ్చె, శీలావతి, ఎఱ్ఱమోసు. వీనినే ఒడిశాలోని మన పిల్లలు భాకుర, రోహి, మిరికాళి యను పేర్లతో సంతలో విందురు. ఈ మూడును దగ్గఱి చుట్టములే యైనను మూడింటికి మూడు రూపములు కలవు. బొచ్చెకు తల పెద్దది, మేను వెడల్పు, నోరు పైకి తిరిగియుండును. అది నీటి పైపొరలో తేలాడు జంతుప్లవకములను, అనగా కంటికి కనబడీ కనబడని చిన్న ప్రాణులను, మేయును. శీలావతికి తల చిన్నది, పెదవులు కుచ్చు పెట్టినట్లుండును, నోరు కొంచెము క్రిందికి వాలియుండును. అది నడినీటిలో మేయును. ఎఱ్ఱమోసు మేను సన్నముగా, పొడవుగా నుండును. అది అడుగున చేరి, క్రుళ్లిన ఆకులలములను, వాని నంటియుండు సూక్ష్మజీవులను తినును. రూపమును జూచి మేయుచోటును చెప్పవచ్చును. ఒకే చెఱువులో మూడింటిని కలిపి పెంచుటలోని రహస్యమిదియే: ఒకదాని కంచములో మరియొకటి చేయి పెట్టదు.

పెరుగుదలయందును భేదము కలదు. చక్కగా పోషించిన చెఱువులో సంవత్సరము నిండునప్పటికి బొచ్చె కిలోకు మించవచ్చును. శీలావతి ముప్పాతిక కిలో ప్రాంతమున నుండును. ఎఱ్ఱమోసు మరికొంచెము వెనుకబడును. కావున బొచ్చె ప్రక్క ఎఱ్ఱమోసును పెట్టి “ఇది గిడస” యనుట పొరపాటు. ఏ జాతి చేపను ఆ జాతి చేపతోనే పోల్చవలెను.

ఇట్లు జాతిచే వచ్చిన రూపమొకటి. చెఱువుచే వచ్చిన రూపము వేఱొకటి. ఈ రెండవదానిని కనుగొనుటకు కొలబద్దయు, త్రాసును చాలును. గణితములో మనము ఘనపరిమాణమును నేర్చుకొందుము గదా! ఆకారము మాఱక చేప పొడవు రెండింతలైనచో, వెడల్పును మందమును గూడ రెండింతలగును. అప్పుడు బరువు రెండింతలు గాక ఎనిమిదింతలగును. 20 సెంటీమీటర్ల చేప 100 గ్రాములు తూగినయెడల, అదే ఆకారముతో 40 సెంటీమీటర్లకు పెరిగిన చేప 800 గ్రాములు తూగవలెను. 600 గ్రాములే తూగినచో అది పొడవునకు పెరిగినది గాని కండ పట్టలేదని యర్థము.

దీనిని ఒక అంకెగా వ్రాయుట సులభము. గ్రాములలోని బరువును 100చేత గుణించి, సెంటీమీటర్లలోని పొడవు యొక్క ఘనముచేత భాగింపవలెను. పై లెక్కలోని 20 సెంటీమీటర్ల చేపకు 1.25 వచ్చును, 600 గ్రాములే తూగిన 40 సెంటీమీటర్ల చేపకు 0.94 మాత్రమే వచ్చును. ఒకే చెఱువులోని ఒకే జాతి చేపలలో ఈ అంకె నెలనెలకు పడిపోవుచున్నచో చేపలు ఆకలితో నున్నవని తెలిసికొనవలెను. ఆకలిగొన్న చేపకు తల పెద్దదిగా కనిపించుటకు కారణమును ఇదియే. తల పెరుగలేదు, మేను తఱిగినది. కాని యొక జాగ్రత్త: మేత చాలని చేపలన్నియు బక్కగానే యుండవు. కొన్ని చెఱువులలో చేపలు చూపునకు పొందికగానే యుండి, వయస్సునకు మాత్రము మిక్కిలి చిన్నవిగా నుండును. అందుచేత బరువుతో బాటు పిల్లలను విడిచిన తేదియు పుస్తకములో వ్రాసి యుంచుకొనవలెను. తేది లేని తూకము సగము సాక్ష్యమే.

చేపలు గిడసబారుటకు మొదటి కారణము క్రిక్కిఱియుట. ఒక చెఱువు తన నీటిలోని సహజమైన మేతతోను, మనము వేయు మేతతోను సంవత్సరమునకు 800 కిలోల చేపను పెంచగలదనుకొందము. అందులో 2000 పిల్లలను విడిచినచో ఒక్కొక్కదాని పాలికి 400 గ్రాములు వచ్చును. ఆశకొలది 8000 పిల్లలను విడిచినచో 100 గ్రాములే వచ్చును. నిజమున కంతయు రాదు. తిన్న మేతలో కొంత భాగము ఊపిరి పీల్చుటకు, ఈదుటకు, ప్రాణము నిలుపుకొనుటకు ఖర్చగును. మిగిలినదే కండగా మాఱును. తినెడి నోళ్లు నాలుగింతలైనచో ప్రాణము నిలుపుకొను ఖర్చును పెచ్చు పెరిగి, కండకు మిగులునది మిక్కిలి తగ్గును. ఆదాయమంతయు ఇంటి ఖర్చునకే సరిపోయి కూడబెట్టుటకు ఏమియు మిగులని సంసారము వంటిదే క్రిక్కిఱిసిన చెఱువు. ఈ కారణముచేతనే మూడు జాతులను కలిపి పెంచు సాధారణ పద్ధతిలో హెక్టారు నీటికి సుమారు 5000 వ్రేలెడు పిల్లలను విడువుమని చెప్పుదురు. మేతయు, గాలియాడించు యంత్రములును గలవారు ఎక్కువ విడువవచ్చును గాని, ఏమియు వేయనివాడు వారిని చూచి వాత పెట్టుకొనరాదు.

రెండవ కారణము ప్రాణవాయువు. పగటివేళ నీటిలోని పచ్చని సూక్ష్మమైన మొక్కలు ఎండ సాయమున ప్రాణవాయువును విడుచును. రాత్రి ఎండ లేనందున విడువవు; పైగా చేపలతోపాటు తామును పీల్చుకొనును. అందుచేత తెల్లవాఱుజామున నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తక్కువగా నుండును. ఆ వేళ చేపలు పైకి వచ్చి నోళ్లు తెఱచుచున్నచో అది ఆట గాదు, ఆయాసము. ప్రతిదినము ఉక్కిరిబిక్కిరియగు చేప మేత ముట్టదు, ముట్టినను ఒంటబట్టదు.

మూడవ కారణము చెఱువులోనే పిల్లలు పుట్టుట. దీనికి దృష్టాంతముగా దూరదేశపు చేప నొకదానిని చూతము. ఉత్తర అమెరికాలో ‘పసుపు పెర్చి’ యను చేప కలదు. పసుపు వన్నె ప్రక్కలపై ఆఱు మొదలు తొమ్మిది వఱకు నల్లని నిలువు చారలుండును; ఆడుచేప మగచేపకంటె వేగముగను పెద్దదిగను పెరుగును. అక్కడి గృహస్థులు తమ పొలములలో త్రవ్వించుకొన్న కుంటలలో దీనిని పెంచుదురు. వసంతకాలమున ఆడుపెర్చి వేలకొలది గ్రుడ్లను పొడవైన జిగురు పట్టీవలె పెట్టి, నీటిలోని కొమ్మలకు చుట్టును. ఆ పిల్లలను తిను పెద్దచేప కుంటలో లేనిచో కొలది యేండ్లలోనే కుంట నిండిపోయి, పెర్చులన్నియు జానెడు పొడవైనను దాటక నిలిచిపోవును. అదే జాతికి చెందిన పెర్చి యొకటి 1865లో న్యూజెర్సీలోని బోర్డెన్‌టౌన్ వద్ద పట్టుబడి 4 పౌన్ల 3 ఔన్సులు, అనగా దాదాపు 1.9 కిలోలు తూగినది. జాతి యొక్కటే, నీరు వేఱు.

అమెరికా శాస్త్రజ్ఞులు పెర్చికి ఏ పొడవునకు ఎంత బరువుండవలెనో లెక్కకట్టి 1991లో ప్రచురించిరి. ఆ లెక్క ప్రకారము 20 సెంటీమీటర్ల పెర్చి సుమారు 111 గ్రాములు తూగవలెను. కుంటలోని చేప అందులో నూటికి 80 పాళ్లే తూగినచో యజమాని విత్తనమును మార్చడు. చిన్నచేపలను వలవేసి తీసివేయును, లేదా వానిని తిను బాసు వంటి చేపలను విడుచును. ఆకారముపై మేయుచోటు ప్రభావమును గూడ ఐరోపాలోని పెర్చి జాతియందు కనుగొనిరి. ఒడ్డున కలుపు మొక్కల నడుమ మేయు పెర్చి వెడల్పు మేనితోను, నడిసరస్సులో మేయు పెర్చి సన్నని మేనితోను ఉండును.

మనకు ఇట్టి చేప తిలాపియా. దీనిని 1952లో సింహళమునుండి మన దేశమునకు తెచ్చిరి. తమిళనాట జిలేబి యని పిలుచునది దీనినే. ఆడుచేప గ్రుడ్లను, పిల్లలను నోటిలో దాచి కాపాడును. కావున పిల్లలు చాలవఱకు బ్రతుకును. కొలది నెలల వయస్సుననే, మేను చిన్నదిగా నుండగనే, సంతానమును కనుట మొదలుపెట్టును. కండ పట్టవలసిన బలము సంతానమునకు ఖర్చగును. సంతానము వచ్చి తల్లి మేతలో పాలు పంచుకొనును. ఒకటి రెండేండ్లలో చెఱువునిండ అరచేయంత చేపలే మిగులును. అట్టి చెఱువులో బొచ్చెపిల్లలను విడిచి విత్తనమును నిందించుట ఎంత అన్యాయమో చదువరులే గ్రహింతురు గాక.

బొచ్చె, శీలావతి, ఎఱ్ఱమోసు నిలువనీటి చెఱువులో సాధారణముగా పిల్లలను పెట్టవు. అవి వానకాలమున పాఱునీటిలో గ్రుడ్లు పెట్టు నదీ మత్స్యములు. పూర్వము వరదలలో నదులనుండియే పిల్లలను పట్టి తెచ్చెడివారు. 1957 జూలై 10వ తేదీన ఒడిశాలోని అంగుల్‌లో డాక్టరు హీరాలాల్ చౌధురియు, ఆయన సహచరులును చేపల పీయూషగ్రంథి సారమును సూదిమందుగా నెక్కించి, ఈ జాతి చేపలచేత గ్రుడ్లు పెట్టించిరి. ఆ తేదీనే నేడు జాతీయ మత్స్య రైతుల దినముగా పాటించుచున్నారు. ఆనాటినుండి కోరిన జాతి పిల్లలు కోరినన్ని లభించు మార్గమేర్పడినది. ఇది గొప్ప మేలు. కాని కోరినన్ని దొరకుటచేతనే కోరరానన్ని విడుచు అలవాటును వచ్చినది. మన మూడు జాతులు చెఱువులో తమంత తాము పెరిగి క్రిక్కిఱియవు. క్రిక్కిఱిసినచో ఆ పని చేసినది మన చేయియే.

విత్తనమునందు భేదమే లేదని నేను చెప్పుట లేదు. భువనేశ్వరము సమీపమున కౌసల్యాగంగలోని కేంద్రసంస్థలో 1992లో నార్వే శాస్త్రజ్ఞుల సహకారముతో పలు నదుల శీలావతులను చేర్చి, తరతరమునకు మేలైనవానిని ఏఱి పెంచుటచే ‘జయంతి’ యను రకమును సాధించిరి. తరమునకు సగటున నూటికి 17 పాళ్ల వంతున దాని పెరుగుదల హెచ్చినదని వారు తేల్చిరి. అట్లే, కొలది చేపలనుండియే యేటేట పిల్లలను తీయుచోట విత్తనము బలహీనపడుటయు కలదు. కావున నమ్మదగిన చోటనే పిల్లలను కొనవలెను. అయినను నూటికి 17 పాళ్ల మేలు, నాలుగింతల నోళ్ల కీడును తీర్చజాలదు.

ఇక ముఖ్యమైన ప్రశ్న: గిడసబారిన చేప యిక పనికిరాదా? దీనికి కొల్లేటి పరిసరములలోని ఆంధ్ర రైతులు తమ చేతలతో సమాధానము చెప్పిరి. వారు వ్రేలెడు పిల్లలను నేరుగా పెద్ద చెఱువులో విడువరు. ముందుగా వానిని చిన్న చెఱువులో బుద్ధిపూర్వకముగా క్రిక్కిఱియ నుంచి, కొలదిపాటి మేతతో దాదాపు ఏడాది పాటు నిలిపి, గిడసబారనిత్తురు. పిమ్మట ఆ గట్టిపడిన పిల్లలను విశాలమైన చెఱువులో తగుమాత్రముగా విడిచి, నూనె తీసిన తవుడు మొదలగు మేతను సమృద్ధిగా పెట్టుదురు. అప్పుడవి నిలిచిపోయిన పెరుగుదలను పూరించుకొనుచున్నవా యన్నంత వేగముగా పెరుగును. విడిచిన పిమ్మట చచ్చునవియు తక్కువ. మేతయు చోటును దొరకగనే చేప వెనుకటి లోటును తీర్చుకొను ఈ గుణము అనేక జాతులయందు కనబడినది. ఏండ్ల తరబడి కృశించినది పూర్తిగా కోలుకొనకపోవచ్చును గాని, ఒకయేటి గిడస చేపను పనికిరానిదని పాఱవేయుట తొందరపాటు.

కావున చేప పెరుగలేదని తోచినప్పుడు చేయవలసిన పని వరుసగా చెప్పెదను. నెలకొకమాఱు చిన్నవల వేసి, ఒక్కొక్క జాతిలో పది చేపలనైనను పట్టి, పొడవు కొలిచి, బరువు తూచి, తేదీతో వ్రాసికొని, తడిచేతులతోనే నీటిలో విడువవలెను. ఉదయము ఎండ వచ్చిన పిమ్మట నీటిలో మోచేతివఱకు చేయి ముంచి అరచేతిని చూడవలెను. అరచేయి స్పష్టముగా కనిపించినచో నీటిలో సహజమైన మేత తక్కువ. పశువుల యెరువు కొంచెముగా వేయవలెను. మోచేయి మునుగు సరికి అరచేయి మఱుగైనచో నీరు సరిగా నున్నది. మణికట్టు దాటకమునుపే మఱుగైనచో నీరు మితిమీఱి పచ్చబడినది. ఎరువును, మేతను ఆపవలెను. నీరు బురదచే మసకబాఱినచో ఈ పరీక్ష చెల్లదు. మేతగా తవుడును, వేరుసెనగ చెక్కను సమముగా కలిపి వేయుట అనుభవములో నున్న పద్ధతి. తెల్లవాఱుజామున ఒకమాఱు గట్టున నిలిచి చేపలు నోళ్లు తెఱచుచున్నవేమో చూడవలెను. చేపలు లెక్కకు మించినచో కొన్నిటిని పట్టి అమ్మవలెను, లేదా వేఱొక చెఱువునకు మార్చవలెను. క్రొత్త పిల్లలను విడుచుటకు ముందు చెఱువును ఎండగట్టి, తిలాపియాను, పిల్లలను మ్రింగు కొఱ్ఱమీనును, వాలుగను ఏఱివేసి, సున్నము చల్లవలెను. ఇవన్నియు చేసిన పిమ్మటను చేప పెరుగనిచో, అప్పుడు విత్తనమును సందేహింపవచ్చును.

ఈ కొలతల పని విద్యార్థులకు మిక్కిలి తగినది. ఇంట పెద్దవారు వల వేయునాడు వారి వెంట గట్టునకు పోయి, కొలబద్ద పట్టుకొని, అంకెలను తెలుగులో ఒక పుస్తకమున వ్రాయుడు. ఒంటరిగా నీటిలో దిగవలదు. ఆఱు నెలల అంకెలు చేతనున్న పిల్లవాడు, పాతికేండ్లుగా చెఱువు చేయుచున్న తండ్రికి గూడ తెలియని సంగతి నొకదానిని చెప్పగలడు. ఆ తండ్రియు “విత్తనము మంచిది కాదు” అను మాటను అనుటకు ముందు ఆ పుస్తకమును ఒకమాఱు తెఱచి చూచునేని, ఈ వ్యాసము వ్రాసిన శ్రమ ఫలించినట్లే.